రెండో ఏడాది సంగతి కూడా రాయండి

పోషకాహార నిపుణులకు, వైద్యులకు, బరువు తగ్గేందుకు శిక్షణ ఇచ్చే వారందరికీ,

నమస్కారం.

నా బల్ల సొరుగులో నాలుగు కాగితాలున్నాయి. పదకొండేళ్లలో మీలో నలుగురు నాకు రాసిచ్చిన ఆహార పట్టికలు. మొదటిది కొవ్వు జోలికే వెళ్లవద్దంటుంది. రెండోది కొవ్వు ధారాళంగా తిని పిండి పదార్థాలు మానేయమంటుంది. మూడోది రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తినమంటే, నాలుగోది పదహారు గంటలపాటు నీళ్లు తప్ప ఏమీ ముట్టుకోవద్దంటుంది. పళ్ల దగ్గర ఒకదాంట్లో ‘ఎన్నైనా తినవచ్చు’ అని ఉంది, ఇంకోదాంట్లో ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. రాసినవారు నలుగురూ చదువుకున్నవారే, నా మేలు కోరే రాశారు. నేను నాలుగింటినీ నిష్ఠగా పాటించాను. నాలుగుసార్లూ తగ్గాను. నాలుగుసార్లూ తగ్గినదంతా, దానిమీద ఇంకొంత కలుపుకుని, తిరిగి వచ్చేసింది.

మీరు ఒకరితో ఒకరు వాదించుకుంటూ ఉంటే మేము కంచాల ముందు కూర్చుని వింటున్నాం. ఏ పథ్యం గొప్పదో మీరు ఎప్పటికి తేల్చినా సరే, మాకు అంతకన్నా ముందు కావలసిన జవాబు ఒకటుంది. తగ్గిన బరువును రెండో ఏడాది, మూడో ఏడాది ఎలా నిలుపుకోవాలి? ఆ నాలుగు కాగితాల్లో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అందుకే ఈ లేఖ.

మొదటి పట్టిక నడుస్తున్న రోజుల్లో పొద్దున్నే రెండు గుడ్లు ఉడకబెట్టి, పెంకు ఒలిచి, నిలువునా కోసి, పచ్చసొనను చెంచాతో తీసి వేరే గిన్నెలో వేసేదాన్ని. ఆ గిన్నె మా అబ్బాయికి. వాడికప్పుడు ఆరేళ్లు. బల్ల అంచు పట్టుకుని చూస్తూ, “అమ్మా, ఇది నీకు చెడ్డదైతే నాకెందుకు పెడుతున్నావు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ల తర్వాత రెండో పట్టిక వచ్చింది. అదే వంటగది, అదే చెంచా, ఈసారి పచ్చసొనతో సహా మూడు గుడ్లు. వాడు చూశాడు, ఏమీ అడగలేదు. తిండి గురించి పెద్దవాళ్లు చెప్పే మాటలకు విలువ లేదని వాడికి అప్పటికే అర్థమైపోయినట్టు అనిపించింది. ఆ ప్రశ్న కన్నా ఈ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గుడ్డు కథ నా ఇంటిది మాత్రమే కాదని తర్వాత తెలిసింది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడుకు మించి పచ్చసొనలు తినవద్దని చెప్పింది. ఆహారంలోని కొలెస్టరాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి దశాబ్దాలపాటు అక్కడి సిఫారసుల్లో ఉండిపోయింది. 2015–2020 కాలానికి వెలువడిన అమెరికా ఆహార మార్గదర్శకాల్లో ఆ అంకె కనిపించకుండా పోయింది. శాస్త్రం తన మాట మార్చుకున్నందుకు నాకు కోపం లేదు. కొత్త ఆధారం దొరికితే మాట మార్చుకోవడమే దాని ధర్మం. నా బాధ వేరు. నాకు ఆ నియమాన్ని చెప్పినవారు అది ఎంతవరకు రుజువైందో చెప్పలేదు. నిప్పు ముట్టుకుంటే కాలుతుందన్నంత గట్టిగా చెప్పారు. తర్వాతివారు దాన్ని తీసేసినప్పుడూ అంతే గట్టిగా చెప్పారు. రెండుసార్లూ తల ఊపింది నేనే.

మీ వాదనల్లో పెద్దది కొవ్వా, పిండి పదార్థమా అన్నది. దీనిమీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించిన ఆహారం, రెండో జట్టుకు పిండి పదార్థాలు తగ్గించిన ఆహారం ఏడాదిపాటు పాటించమన్నారు. ఏడాది చివర కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవారు సగటున 6 కిలోలు తగ్గారు. లెక్క ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. జన్యువులను బట్టిగానీ, ఇన్సులిన్ ఊరే తీరును బట్టిగానీ ఎవరికి ఏది నప్పుతుందో ముందే చెప్పవచ్చేమోనని కూడా చూశారు. చెప్పలేమని తేలింది. నన్ను అన్నిటికన్నా ఆపిన విషయం ఇంకొకటి. ఒకే జట్టులో ఒకరు పాతిక కిలోలకు పైగా తగ్గితే, అదే ఆహారం పాటించిన మరొకరు పెరిగారు. మీరు కొట్లాడుకుంటున్న తేడా కిలో కూడా లేదు. మనిషికీ మనిషికీ ఉన్న తేడా పదుల కిలోలు.

అంతకుముందు 2005లోనే 160 మందితో నాలుగు పేరున్న పథ్యాలను పోల్చి చూశారు. ఏ పథ్యం అన్నదాని కన్నా, దాన్ని ఎంత నమ్మకంగా కొనసాగించారన్నదే తగ్గిన బరువుతో ఎక్కువ ముడిపడి ఉందని తేలింది. ఇది తెలిసి కూడా మొదటి రోజు మీరు మా చేతికిచ్చేది నిషేధాల జాబితా. ‘మీరు ఏది కొనసాగించగలరు?’ అన్న ప్రశ్న ఎవరూ వేయరు.

ఇంకొక మాట చెప్పాలి. 2018 అధ్యయనంలో రెండు జట్లకూ ఉమ్మడిగా చెప్పిన సలహాలున్నాయి. కూరగాయలు ఎక్కువగా తినండి, చక్కెర తగ్గించండి, శుద్ధి చేసిన పిండి తగ్గించండి, వీలైనంతవరకు ఇంట్లో వండుకోండి. బయట నిప్పులు చెరుగుకునే రెండు పక్షాలకూ ఇందులో ఒక్క అక్షరం మీద పేచీ లేదు. మరి ఈ మాట మాకు ఎందుకు వినిపించదు? మీరు విభేదించే పది శాతం గురించి గంటలకొద్దీ మాట్లాడి, ఏకీభవించే తొంభై శాతాన్ని ఎందుకు దాటవేస్తారు? (ఈ శాతాలు కొలిచి చెప్పినవి కావు, నాకు కలిగిన అనుభవం.) మీ గొడవ విన్న మామూలు మనిషి, వీళ్లకే తెలియనప్పుడు నాకెందుకీ తిప్పలు అనుకుని చక్కెర పానీయం సీసా మూత తీస్తాడు. మీ వాదనలో ఎవరు గెలిచినా ఓడిపోయేది అతనే.

ఏకీభవించదగ్గ విషయం మరొకటి 2019లో వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్ 20 మందిని నాలుగు వారాలపాటు పరిశోధనా ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు కర్మాగారాల్లో అతిగా శుద్ధి చేసి తయారు చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానం. ఎంత తినాలన్నది వారిష్టం. కర్మాగార ఆహారం తిన్న రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. మామూలు ఆహారం తిన్నప్పుడు దాదాపు కిలో తగ్గారు. చిన్న అధ్యయనమే, తక్కువ కాలమే. అయినా ఆ ఇరవై మందికి సంకల్పం రెండు వారాలు ఉండి రెండు వారాలు పోయిందని అనలేం కదా. మారింది కంచంలోనిది.

ఇక ఉపవాసం. నాలుగో పట్టిక ఇచ్చినవారు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తినాలన్నారు. నాది షిఫ్టుల ఉద్యోగం. నెలలో సగం రోజులు రాత్రి 10కి మొదలై ఉదయం 6కి ముగుస్తుంది. ఆ సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పబోతే, క్రమశిక్షణ ఉంటే ఏదైనా సాధ్యమే అన్నారు. మూడో రాత్రి తెల్లవారుజామున 3 గంటలకు కంప్యూటర్ తెర మీద అంకెలు మసకగా కనిపించాయి, చేతులు వణికాయి. పక్క బల్ల మీద ఎవరో వదిలి వెళ్లిన బిస్కెట్ల పొట్లం ఉంది. నిలబడే తిన్నాను, ఒక్కటి కూడా మిగల్చకుండా. తిన్న తర్వాత ఆ ఖాళీ పొట్లాన్ని చెత్తబుట్టలో పైన వేయకుండా కాగితాల అడుగున దాచాను. ఎవరు చూస్తారని దాచానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణం నుంచి నాకు తిండి అంటే దొంగతనం లాగా అనిపించడం మొదలైంది. అది పోవడానికి చాలాకాలం పట్టింది.

ఉపవాస పద్ధతి పనికిరాదని నేను అనడం లేదు. రాత్రిపూట ఊరికే ఏదో ఒకటి నోట్లో వేసుకునే అలవాటున్నవారికి ‘ఇంతటితో వంటగది తలుపు మూశాం’ అన్న గీత ఎంతో తేలిక. వాళ్లు హాయిగా పాటించవచ్చు. అయితే 2022లో చైనాలో 139 మందిమీద ఏడాదిపాటు జరిగిన అధ్యయనంలో, కేలరీలు తగ్గించి రోజులో 8 గంటల్లోనే తిన్నవారికీ, కేలరీలు అంతే తగ్గించి ఏ వేళైనా తిన్నవారికీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే గడియారంలో మహిమ లేదు. ఎవరి రోజుకు ఏది కుదురుతుందో అది. అదే 2022లో, చాలినంత నిద్రపోని 80 మంది అధిక బరువున్నవారిలో సగం మందికి నిద్ర పెంచుకునేలా సలహా ఇస్తే, ఆహారం గురించి ఒక్క మాట చెప్పకుండానే వారు మిగతా సగం మందితో పోలిస్తే రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. నలుగురు నిపుణుల్లో నా నిద్ర గురించి అడిగినవారు ఎవరూ లేరు. నేనేమో ఆ రోజుల్లో నాలుగున్నర గంటలు పడుకునేదాన్ని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

1944, 1945 ప్రాంతంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆకలి మీద ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దానికి బదులుగా ఈ ప్రయోగానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది యువకులు. ఆరోగ్యవంతులు. నమ్మినదాని కోసం సమాజాన్నే ఎదిరించి నిలబడినవారు, అంటే పట్టుదలలో ఎవరికీ తీసిపోనివారు. ఆరు నెలలపాటు వారికి రోజుకు సుమారు 1,570 కేలరీల ఆహారం పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. శరీర బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. దానితోపాటు మనసూ మారిపోయింది. కలలో తిండి, మెలకువలో తిండి. కంచాలు నాకారు. వంటల పుస్తకాలు కూడబెట్టి చదివారు.

నా మూడో పట్టిక పైన రాసిన అంకె 1,200.

వారు యువకులు, బాగా నడిచేవారు, నా అవసరం వారికన్నా తక్కువే. ఆ తేడా నాకు తెలుసు. అయినా నోరు కట్టుకుని బతికిన ఆ ఏడు నెలల్లో, వంట చేసే వీడియోలను గంటలకొద్దీ చూస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్న నాకు, నేను పిచ్చిదాన్ని అవుతున్నానేమోనన్న భయం వేసేది. అది ఆకలి చేసే పని, అది శరీర ధర్మం అని ఒక్కరు చెప్పి ఉంటే ఆ భయం ఉండేది కాదు.

బరువు తగ్గాక శరీరం ఊరుకోదని మీకు తెలుసు. 2011లో ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, ఏడాది తర్వాత మళ్లీ రక్తం పరీక్షించారు. ఆకలిని పెంచే హార్మోన్లు, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు అప్పటికీ పాత స్థాయికి రాలేదు. శరీరం పోయిన బరువును ఏడాది తర్వాత కూడా వెతుక్కుంటూనే ఉంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరిశీలిస్తే, సగటున 41 కిలోలు తిరిగి పెరిగారని 2016లో ప్రకటించారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు ఖర్చు చేసే శక్తి, ఆ పరిమాణంలో ఉన్న మనిషికి ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ. ఆరేళ్ల తర్వాత కూడా.

ఇదంతా మీ పుస్తకాల్లో ఉంది. మరి నాలుగోసారి నేను పెరిగి తిరిగి వెళ్లినప్పుడు, వరుసలో ఇంకా ఆరుగురు కూర్చుని ఉండగా, తూకం మీద అంకె గట్టిగా చదివి, “మళ్లీ మొదటికే వచ్చారా? మీకు పట్టుదల లేదమ్మా” అన్నవారికి ఇది తెలియదా? నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్లు ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదు. తలనొప్పి వచ్చినా వెళ్లలేదు, కళ్లు తిరిగినా వెళ్లలేదు. ఎక్కడికి వెళ్లినా ముందు తూకం ఎక్కమంటారన్న భయం. రెండేళ్ల తర్వాత ఉద్యోగంలో తప్పనిసరి పరీక్షలు చేసినప్పుడు నా రక్తపోటు 170 దాటి ఉందని తెలిసింది. మీ నోటి మాట వల్ల మనుషులు బరువు తగ్గరు, ఆసుపత్రికి రావడం మానేస్తారు. దయచేసి ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

మీలో ఇంకొక వర్గం ఉంది. బరువు గురించి మాట్లాడడమే తప్పు, తూకాన్ని పారేయండి అంటారు. అవమానాలు పడ్డ మనిషిగా ఆ మాట నా మనసుకు ఎంతో హాయిగా ఉంటుంది. తిండితో మనసు దెబ్బతిన్నవారికి తూకం నిజంగా హాని చేస్తుంది, వారికి అది సరైన సలహానే. కానీ అందరికీ అదే చెప్పడానికి నేను ఒప్పుకోలేను. 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మధుమేహం అంచున ఉన్న 3,234 మంది పాల్గొన్నారు. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఇదీ ఒక జట్టు లక్ష్యం. ఆ జట్టులో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఏడు శాతమంటే 80 కిలోల మనిషికి ఐదున్నర కిలోలు. అద్దంలో పెద్దగా కనిపించదు, రక్తంలో కనిపిస్తుంది. నలుగురు నిపుణులూ నాకు పెట్టిన లక్ష్యం 22 కిలోలు. ఐదున్నర చాలునని ఎవరైనా చెప్పి ఉంటే, మొదటిసారే అక్కడ ఆగి దాన్ని నిలుపుకోవడం నేర్చుకునేదాన్నేమో.

మందుల గురించి కూడా మీలో పొత్తు లేదు. ఆకలిని తగ్గించే సెమాగ్లుటైడ్ అనే మందుతో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గిందని 2021లో తేలింది. మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని మరుసటి ఏడాది తేలింది. మందు వాడడం అడ్డదారి అనేవారితో నేను ఏకీభవించను. రక్తపోటుకు మందు వేసుకునేవారిని అలా అనం కదా. కానీ మందు రాసేవారు కూడా ఆపితే ఏమవుతుందో మొదటి రోజే చెప్పాలి.

నిలబడినవారు లేరా? ఉన్నారు. 13 కిలోలకు పైగా తగ్గి, కనీసం ఏడాది నిలుపుకున్నవారి వివరాలను అమెరికాలో 1994లో నమోదు చేయడం మొదలుపెట్టారు. పది వేల మందికి పైగా చేరారు. తామంతట తాము చేరినవారు కాబట్టి వారి అలవాట్లే కారణమని తేల్చి చెప్పలేం. తగ్గిన దారులు రకరకాలు. నిలుపుకున్న తీరులో మాత్రం పోలికలున్నాయి. ఎక్కువమంది రోజుకు గంటకు దగ్గరగా నడక లాంటి శ్రమ చేస్తారు, నాలుగింట మూడు వంతుల మంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. మధుమేహం ఉన్న 5,145 మందితో జరిగిన మరో అధ్యయనంలో, నిపుణులు ఏళ్లతరబడి వదలకుండా పలకరిస్తూ వచ్చిన జట్టులో ఎనిమిదేళ్ల తర్వాత కూడా సగం మంది 5 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గుదలను నిలుపుకున్నారు. వదలకుండా పలకరించడం. నాకు మీ నుంచి కావలసింది అదే. మీరేమో లక్ష్యం చేరగానే ఫొటో తీసి పంపేస్తారు. నా ‘ముందు, తర్వాత’ ఫొటోలు ఒకచోట గోడ మీద ఇంకా ఉన్నాయి. ఆ ‘తర్వాత’కు తర్వాత ఎలా ఉన్నానో అక్కడివారు ఎన్నడూ అడగలేదు. ఆ ఫొటోల కింద తేదీ వేయండి. రెండేళ్లకు మళ్లీ ఒకటి తీసి, అది ఎలా ఉన్నా, పక్కన పెట్టండి.

రక్తపోటు బయటపడ్డ రోజున నన్ను చూసింది అప్పుడే చదువు ముగించిన ఒక వైద్యురాలు. పట్టిక ఇవ్వలేదు. “రోజు మొత్తంలో మీకు బాగా ఆకలి వేసేది ఎప్పుడు?” అని అడిగింది. పదకొండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. నాకు వెంటనే మాట రాలేదు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన వేళ అన్నాను. అయితే ఆ వేళ కడుపు నిండా తినండి, అది ఏ వేళైనా సరే అంది. పప్పులు, గుడ్లు, కూరగాయలు మీకు నచ్చినట్టు వండి సిద్ధంగా పెట్టుకోండి, తిన్నాక కిటికీకి మందమైన తెర వేసి నిద్రపోండి, తీపి పానీయాలు ఒక్కటి మానేయండి, మిగతావి వచ్చే నెల మాట్లాడదాం అంది. వచ్చే నెల నిజంగానే ఫోను చేసింది. ఆ తర్వాతి నెలా చేసింది. ఒకసారి రెండు కిలోలు పెరిగానని భయపడుతూ చెబితే, “సరే, ఈ నెల డ్యూటీలు ఎలా పడ్డాయి?” అని అడిగింది, అంతే. మూడేళ్లయింది. ఆరు కిలోలు తగ్గాను, ఆరు కిలోల దగ్గరే ఉన్నాను. రక్తపోటు అదుపులో ఉంది. ఏ పథ్యం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి దానికి పేరు లేదు.

కాబట్టి మీరు పట్టిక రాసేముందు మా పని వేళలు అడగండి. ఇంట్లో వంట ఎవరు చేస్తారో, ఎంతసేపు పడుకుంటామో, ఏ మందులు వాడుతున్నామో అడగండి, వాటిలో బరువు పెంచేవి కూడా ఉంటాయి. ప్రతి నియమం పక్కన అది ఎంతవరకు రుజువైందో, ఎంతవరకు మీ అభిప్రాయమో ఒక్క మాటలో రాయండి. మీరు ఒప్పుకోని మరో నిపుణుడు కూడా ఒప్పుకునే సలహాలను అన్నిటికన్నా పైన రాయండి.

నా సొరుగులోని నాలుగు కాగితాలకూ ముందు వైపే రాసి ఉంది. వెనక వైపు తెల్లగా, ఖాళీగా ఉంది. రెండు కిలోలు తిరిగి వచ్చిన రోజున ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో, ఆ రోజు మీరు మమ్మల్ని ఏమని పలకరిస్తారో అక్కడ రాయండి.

ఇట్లు,
మీ దగ్గరికి నాలుగుసార్లు వచ్చి వెళ్లిన మనిషి